క్రెడిట్ కార్డు రాలేదు, మళ్లీ ఎప్పుడు అడగాలి?

ప్రశ్న: మాది కొండపి మండలంలో ఒక పల్లె. నా వయసు 27 సంవత్సరాలు. చీమకుర్తిలో గ్రానైటు పలకలు పాలిష్ చేసే ఒక ఫ్యాక్టరీలో మూడేళ్లుగా లెక్కలు రాస్తూ, ఒంగోలులో గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. జీతం 26 వేలు. అందులో 15 వేలు బ్యాంకు ఖాతాలో వేస్తారు, మిగిలింది చేతికిస్తారు. ఇంజనీరింగ్ చదువుతున్న మా చెల్లెలికి ల్యాప్‌టాప్ కావలసి వచ్చింది. కార్డు ఉంటే వాయిదాల్లో కొనవచ్చని, జీతం పడే బ్యాంకులోనే దరఖాస్తు చేశాను. నాలుగు రోజులకు ‘మా అంతర్గత ప్రమాణాల ప్రకారం మీ దరఖాస్తును ఆమోదించలేకపోతున్నాము’ అని ఫోనుకు సందేశం వచ్చింది. పట్టుదల కొద్దీ మూడు వారాల్లో మరో మూడు చోట్ల దరఖాస్తు చేస్తే అక్కడా అదే జవాబు. నేను ఎవరికీ రూపాయి ఎగ్గొట్టినవాడిని కాను. రెండేళ్ల క్రితం ట్రంకు రోడ్డులో ఒక ఫోను వాయిదాల్లో కొని మొత్తం కట్టేశాను. నాన్న పొగాకు సాగు కోసం అమ్మ నగలు నా పేరున బ్యాంకులో కుదువ పెట్టాం. పోయిన ఏడాది బేళ్లు అమ్ముడుపోవడం ఆలస్యమై 70 రోజులు దాటాక తిరగరాయించుకున్నాం, అయితే వడ్డీ అంతా కట్టాం. బంగారం వాళ్ల దగ్గరే ఉంది కదా, అది బాకీ ఎలా అవుతుంది? మూడు నెలలు ఆగమని మిత్రుడు, ఆరు నెలలు ఆగమని బ్యాంకులో చెబుతున్నారు. 4,500 రూపాయలు పంపిస్తే సిబిల్ శుభ్రం చేయిస్తానని ఒకాయన రోజూ ఫోను చేస్తున్నాడు. నేను ఎన్నాళ్లు ఆగాలి? మళ్లీ ఆ బ్యాంకు మెట్లు ఎక్కాలంటే సిగ్గుగా ఉంది.
(ఒక పాఠకుడు, ఒంగోలు)

సమాధానం: మీ లేఖలోని చివరి వాక్యంతోనే మొదలుపెడతాను. నేను కావలి, కోవూరు, ఒంగోలు శాఖల్లో ఏళ్ల తరబడి అప్పు దరఖాస్తులు పరిశీలించినవాడిని, వాటిలో కొన్నింటిని నా చేత్తోనే తిరస్కరించినవాడిని కూడా. కాబట్టి బల్లకు అవతలి వైపు కూర్చున్న మనిషి మాటగా దీన్ని తీసుకోండి. ఈ రోజుల్లో క్రెడిట్ కార్డు దరఖాస్తును చాలావరకు మనుషులు చదవరు. మీ పాన్ నంబరు నమోదు కాగానే మీ రుణ చరిత్ర, ఖాతాలో జీతం జమ అయిన తీరు, చిరునామాలోని పిన్‌కోడు, మీరు పనిచేసే సంస్థ తరగతి వంటి వాటిని కంప్యూటరు సరిచూసి, బ్యాంకు ముందుగా గీసుకున్న హద్దుల్లో మీరు ఇమడకపోతే దరఖాస్తును పక్కన పెట్టేస్తుంది. మీరు ఎంత నమ్మకస్తులో, మీ ఇంట్లో మాటకు ఎంత విలువ ఉందో తూచే తక్కెడ దాని దగ్గర లేదు. అందువల్ల ఆ సందేశాన్ని మీ నడవడిక మీద తీర్పుగా భావించి కుంగిపోనవసరం లేదు, ఆ శాఖకు తలెత్తుకునే వెళ్లండి. వెళ్లవలసిన పని కూడా ఉంది.

ఇక ఎన్నాళ్లు ఆగాలన్న ప్రశ్న. తిరస్కరణ తర్వాత ఇన్ని రోజులు ఆగి తీరాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా గడువు పెట్టలేదు. ఏ బ్యాంకుకు ఆ బ్యాంకు తన లెక్క పెట్టుకుంటుంది, అది సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల మధ్య ఉంటుంది. అంటే మీ మిత్రుడు చెప్పిందీ, బ్యాంకులో చెప్పిందీ రెండూ తప్పు కావు. మీ పరిస్థితిలో చివరి దరఖాస్తు చేసిన తేదీ నుంచి పూర్తిగా ఆరు నెలలు ఆగమనే నేను చెబుతాను. అయితే ఆ ఆరు నెలలూ చేతులు కట్టుకుని కూర్చుంటే ఏడో నెలలో కూడా ఇదే సందేశం వస్తుంది.

మీది పొగాకు రైతు కుటుంబం కనుక మీకు తెలిసిన సంగతితోనే చెబుతాను. టంగుటూరు వేలం కేంద్రానికో, కొండపి వేలం కేంద్రానికో తీసుకెళ్లిన బేళ్లలో ఒకటి తిరస్కరణకు గురైతే, మీ నాన్నగారు దాన్ని ఇంటికి తెచ్చి మూల పడేసి, కొన్నాళ్లకు కట్టు కూడా విప్పకుండా మళ్లీ తీసుకెళ్లరు కదా. విప్పుతారు. తేమ ఎక్కువైందా, అడుగున వేరే గ్రేడు ఆకు కలిసిందా, చెత్త ఏమైనా చేరిందా అని చూసి, ఆరబెట్టి, ఏరి, తిరిగి కట్టి అప్పుడు తీసుకెళతారు. మీరు మాత్రం కార్డు విషయంలో కట్టు విప్పని బేలునే మూడు వారాల్లో నాలుగు చోట్లకు తిప్పారు. తొందర అర్థం చేసుకోదగినదే, చెల్లెలి చదువు కోసం పడిన తొందర అది. ఇప్పుడు మాత్రం విప్పి చూద్దాం.

మొదటి పని, కారణం రాతపూర్వకంగా అడగడం. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్‌లో క్రెడిట్, డెబిట్ కార్డుల జారీపై ఇచ్చిన ఆదేశాల ప్రకారం, క్రెడిట్ కార్డు దరఖాస్తును తిరస్కరించినప్పుడు అందుకు దారితీసిన నిర్దిష్టమైన కారణాన్ని బ్యాంకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ‘అంతర్గత ప్రమాణాల ప్రకారం’ అన్న మాట నిర్దిష్టమైన కారణం కిందికి రాదని నా అభిప్రాయం. జీతం పడే శాఖలో మేనేజరు పేరున ఒక తెల్లకాగితం మీద దరఖాస్తు సంఖ్య, తేదీ, వచ్చిన సందేశం యథాతథంగా రాసి, కారణం లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకుని మీ దగ్గర దాచుకోండి. శాఖలో ఇది తమ చేతిలో లేదని, కార్డుల విభాగం చూసుకుంటుందని చెప్పవచ్చు, అయినా కాగితం తీసుకుని అక్కడికి పంపమని మర్యాదగా అడగండి. అదే విషయాన్ని బ్యాంకు వారి ఫిర్యాదుల ఈమెయిల్‌కు కూడా పంపండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. అందుకు సాయం చేసే ఫోను నంబరు 14448. అంబుడ్స్‌మన్ మీకు కార్డు ఇప్పించరు, కార్డు ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టమే. కారణం చెప్పించడం వరకే మీ హక్కు, మీకు ఇప్పుడు కావలసింది కూడా అదే.

రెండో పని మీ రుణ నివేదిక, అంటే మీ అప్పులు, వాటిని కట్టిన తీరు రాసి ఉండే పత్రం, తెప్పించుకోవడం. మనమంతా సిబిల్ అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ, 2005 నాటి రుణ సమాచార సంస్థల చట్టం కింద మన దేశంలో ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలు ఉన్నాయి. నాలుగూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను మీకు ఉచితంగా ఇవ్వాలి. ఏ బ్యాంకు దేనిని చూసిందో మనకు తెలియదు కాబట్టి నాలుగూ తెప్పించండి. వారి వెబ్‌సైట్లలో ఉచిత నివేదిక అన్న చోటు వెతికి పట్టుకోండి, నెలవారీ చందా కట్టమని అడిగే పేజీ ఎదురైతే వెనక్కి వచ్చేయండి. మన నివేదిక మనం చూసుకుంటే స్కోరు, అంటే మన రుణ చరిత్రకు వేసే అంకె, పడిపోతుందని చాలామంది భయపడతారు, అది నిజం కాదు. అప్పు ఇచ్చే సంస్థ చూసినప్పుడు నమోదయ్యే విచారణ వేరు, మీరు చూసుకోవడం వేరు.

నివేదిక చేతికి రాగానే అందరి కళ్లూ ముందు స్కోరు మీదికే పోతాయి. 300 నుంచి 900 మధ్య ఉండే ఆ అంకెను ఒక్క క్షణం పక్కన పెట్టి, లోపలి పేజీలు చదవండి. స్కోరు కనీసం ఇంత ఉండాలని రిజర్వు బ్యాంకు ఏ హద్దూ పెట్టలేదు, బ్యాంకులే పెట్టుకుంటాయి. మీకు ఉపయోగపడేది లోపలి సమాచారమే. మొదట పేరు, పుట్టిన తేదీ, పాన్, ఫోను నంబర్లు, చిరునామాలు ఉంటాయి. తర్వాత ఒక్కొక్క అప్పుకు ఒక్కొక్క పెట్టె, దాని కింద నెలల వారీగా చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయి. ఆ గడిలో 000 ఉంటే ఆ నెలలో బకాయి లేదని అర్థం. వేరే అంకె ఉంటే గడువు దాటి అన్ని రోజులైందని అర్థం. మూడు ఎక్స్‌లు ఉంటే ఆ నెల సమాచారాన్ని అప్పు ఇచ్చిన సంస్థ పంపలేదని అర్థం. సిబిల్ నివేదికలో ఇలా 36 నెలల దాకా వెనక్కి చూడవచ్చు. చిట్టచివర, మీ నివేదికను ఏ సంస్థ ఏ తేదీన ఎందుకు అడిగిందో వరుసగా ఉంటుంది.

మీ లేఖ చదివినప్పుడు నా అనుమానం మొదట వెళ్లింది ఆ బంగారం అప్పు మీదికే. బంగారం బ్యాంకు దగ్గరే ఉండగా అది బాకీ ఎలా అవుతుందని మీరు అడిగారు. ఈ ప్రశ్న నన్ను బల్ల ముందు నిలబడి ఎంతోమంది రైతులు అడిగారు, వారి ఆశ్చర్యంలో న్యాయం లేకపోలేదు. మన ఊళ్లలో కుదువ అంటే వస్తువు అవతలివాడి దగ్గర ఉన్నంతకాలం ఇద్దరికీ దిగుల్లేదన్న భావన తరతరాలుగా ఉంది. బ్యాంకు లెక్కలో మాత్రం బంగారం హామీయే తప్ప చెల్లింపు కాదు. గడువు తేదీకి అసలు, వడ్డీ కట్టకుండా, తిరగరాయించుకోకుండా ఉంటే మరుసటి రోజు నుంచి అది గడువు మీరిన ఖాతాయే. ఉదాహరణకు గడువు మే 10 అనుకుందాం. మే నెలాఖరుకు 21 రోజులు, జూన్ నెలాఖరుకు 51 రోజులు గడువు మీరినట్లు నమోదవుతుంది. జూలై 19న మీరు వడ్డీతో సహా కట్టి తిరగరాయించుకుంటే పాత ఖాతా మూసేసినట్లు, కొత్త ఖాతా తెరిచినట్లు కనిపిస్తుంది గానీ, పాత ఖాతా కింద ఆ 021, 051 అంకెలు అలాగే నిలిచి ఉంటాయి. బేళ్లకు బిడ్డు పడలేదనీ, వేలం సొమ్ము ఆలస్యమైందనీ ఆ గళ్లలో రాసే చోటు లేదు. నగలు మీ అమ్మగారివైనా, పంట మీ నాన్నగారిదైనా, సంతకం మీది కాబట్టి చరిత్ర మీదే అయింది.

ఈ సమాచారం నిజమే అయితే దాన్ని చెరిపించడానికి దారి లేదు, ఎవరైనా ఉందని చెబితే నమ్మవద్దు. అది పాతబడాలి. గత ఆరు నెలల్లో జరిగిన ఆలస్యానికి బ్యాంకు ఇచ్చే బరువు, రెండేళ్ల క్రితం జరిగిన ఆలస్యానికి ఇవ్వదు. మీరు ఆగే ఆరు నెలలకు ఉన్న మొదటి ప్రయోజనం ఇదే. కానీ ఆ అప్పు ఇంకా నడుస్తూనే ఉంది కాబట్టి, ఈ సంవత్సరం గడువు తేదీ ఎప్పుడో ఈ రోజే చూసుకోండి. అది మీరు ఆగుతున్న కాలంలోనే పడితే, రెండోసారి ఆలస్యం మొదటిదానికంటే ఎక్కువ చేటు చేస్తుంది. వేలం డబ్బు వచ్చినా రాకపోయినా గడువుకు నెల ముందే వడ్డీ మేరకైనా సర్దుకుని తిరగరాయించుకోండి. వీలైతే నెలనెలా కొంత వడ్డీ కడుతూ రండి, బ్యాంకు కాదనదు. మరో చిన్న సంగతి. బ్యాంకు పంపే నోటీసు పల్లెలో ఇంటికి వెళ్లి ఉంటుంది, సందేశం పాత ఫోను నంబరుకు వెళ్లి ఉండవచ్చు. బంగారం అప్పు ఉన్న శాఖలో మీ ప్రస్తుత నంబరు నమోదు చేయించుకోండి. 70 రోజుల ఆలస్యాల్లో చాలా వాటికి డబ్బు లేకపోవడం కంటే తేదీ తెలియకపోవడమే కారణమని నా అనుభవం.

ఫోను వాయిదాలన్నీ కట్టేశానన్నారు. నమ్ముతాను. అయినా ఆ పెట్టెలో ‘మూసివేసినది’ అని ఉందో లేదో చూడండి. నా సొంత ఇంట్లో జరిగిన విషయం చెబుతాను. ఉద్యోగ విరమణ తర్వాత ఒకసారి నా నివేదిక తెప్పించుకుంటే, ఎప్పుడో తీర్చేసిన స్కూటరు అప్పు ఇంకా నడుస్తున్నట్లు, 37 రూపాయలు బాకీ ఉన్నట్లు, ఆ బాకీ గడువు మీరి వందల రోజులైనట్లు కనిపించింది. చివరి వాయిదా కట్టిన రోజుకు, దాన్ని జమ చేసిన రోజుకు మధ్య పడిన వడ్డీ అది. ఆ సంస్థ నాకు ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. బ్యాంకులో జీవితం గడిపిన నేనే చివరి వాయిదా కట్టి, బాకీ లేదన్న పత్రం తీసుకోకుండా వచ్చేశాను. 37 రూపాయలు కట్టి, పత్రం తీసుకుని, నివేదిక సరిచేయించుకునేసరికి నెలన్నర పట్టింది. కాబట్టి మీ ఫోను అప్పు ఇచ్చిన ఫైనాన్స్ సంస్థ నుంచి ‘నో డ్యూస్ సర్టిఫికెట్’ తీసుకోండి. ఫోను కొన్న దుకాణం దాన్ని ఇవ్వలేదు, అప్పు ఇచ్చిన సంస్థే ఇవ్వాలి. ఎక్కడైనా ‘సెటిల్డ్’ అన్న మాట కనిపిస్తే అది మూసివేయడంతో సమానం కాదని గుర్తుంచుకోండి. కొంత మాఫీ చేయించుకుని తక్కువకు తెగదెంపులు చేసుకున్నారని దాని అర్థం, అప్పు ఇచ్చేవారు దాన్ని చెడ్డగుర్తుగానే చూస్తారు.

ఎవరికైనా జామీను సంతకం పెట్టారా? మీరు రాయలేదు గానీ అడగకుండా ఉండలేను. నేను కావలిలో ఉండగా ఒక మాస్టారు ఇంటి అప్పు కోసం వచ్చారు. జీతం మంచిది, ఒక్క బాకీ లేదు, అయినా నివేదికలో ఒక ట్రాక్టరు అప్పు మొండి బాకీగా ఉంది. తోడల్లుడి కోసం ఎన్నో ఏళ్ల క్రితం హామీదారుగా పెట్టిన సంతకం అది, ఆయన దాన్ని మరిచే పోయారు. హామీదారు నివేదికలో కూడా ఆ అప్పు కనిపిస్తుందని మన జిల్లాల్లో చాలామందికి తెలియదు.

పేర్ల సంగతి కూడా చూసుకోండి. ఈ ప్రాంతంలో ఒకే ఊళ్లో ఇద్దరు ముగ్గురు పెంచలయ్యలో, వెంకటేశ్వర్లులో ఉండటం, బడిలో వేసిన పుట్టిన తేదీ కూడా అందరికీ జూన్‌లోనో జూలైలోనో ఒకటో తారీఖు కావడం మామూలే. ఒకరి అప్పు మరొకరి నివేదికలో చేరడం నేను చూశాను. మీది కాని ఖాతా ఒక్కటి ఉన్నా వదిలిపెట్టకండి.

తప్పు కనిపిస్తే ఆ రుణ సమాచార సంస్థ వెబ్‌సైటులోనే అభ్యంతరం నమోదు చేయవచ్చు, దానికి రుసుము లేదు. రుజువు పత్రం జతచేయండి, వారిచ్చే ఫిర్యాదు సంఖ్యను భద్రంగా రాసిపెట్టుకోండి. అప్పు ఇచ్చిన సంస్థ ఒప్పుకుంటేనే సమాచారం మారుతుంది కాబట్టి అదే రోజు వారికి కూడా విడిగా రాయండి, రెండు వైపుల నుంచి కదిలిస్తే పని త్వరగా అవుతుంది. 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చి, 2024 ఏప్రిల్ నుంచి అమలులోకి తెచ్చిన ఆదేశం ప్రకారం, ఫిర్యాదు అందిన 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపై ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున మీకు పరిహారం చెల్లించాలి. 2025 జనవరి 1 నుంచి అప్పు ఇచ్చే సంస్థలు కనీసం పక్షానికి ఒకసారి సమాచారం పంపవలసి ఉంది కనుక, సరిచేసిన విషయం ఇదివరకటిలా నెలల తరబడి నానకుండా తొందరగానే కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ 4,500 రూపాయల మనిషి. ఆయనకు ఒక్క పైసా పంపవద్దు, పాన్, ఆధార్ నకళ్లు పంపవద్దు, ఓటీపీ అసలే చెప్పవద్దు. తప్పుడు సమాచారాన్ని మీరే ఉచితంగా సరిచేయించుకోవచ్చు. సరైన సమాచారాన్ని ఎవరూ చెరపలేరు. ఈ రెండింటి మధ్య ఆయన చేయగలిగిన పని ఏదీ మిగలలేదు. ఇప్పటికే ఏమైనా పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేసి చెప్పండి.

నివేదికలో అంతా బాగానే ఉన్నా కార్డు రాకపోవడానికి మీ లేఖలోనే మరో కారణం ఉంది. మీ జీతం 26 వేలు అని మీకు తెలుసు, మీ యజమానికి తెలుసు. బ్యాంకుకు తెలిసింది 15 వేలు. చాలా కార్డులకు పెట్టుకున్న కనీస ఆదాయం అంతకంటే ఎక్కువే. మొత్తం జీతం ఖాతాలో వేయమని యజమానిని అడగండి. చీమకుర్తి ఫ్యాక్టరీల్లో ఇది ఎంత ఇబ్బందికరమైన అడగడమో నాకు తెలియనిది కాదు, కానీ లెక్కలు రాసేది మీరే కనుక ఆయనతో మాట్లాడే చనువు మీకు ఉండే ఉంటుంది. ఆరు నెలల పాటు పూర్తి జీతం ఖాతాలో జమ అయితే, మీరు ఆగడానికి రెండో ప్రయోజనం సిద్ధించినట్లే. పన్ను పడకపోయినా మొత్తం ఆదాయం చూపించి ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేయండి, ఇల్లు కట్టుకునే అప్పు దాకా అది పనికొస్తుంది. అలాగే ఆధార్‌లో పల్లె చిరునామా, దరఖాస్తులో ఒంగోలు అద్దె గది, ఫోను అప్పులో ఇంకేదో ఉంటే కంప్యూటరు అక్కడే ఆగిపోతుంది. కొన్ని బ్యాంకులు కార్డులిచ్చే పిన్‌కోడుల్లో పల్లెలు ఉండవు కూడా. బ్యాంకు ఖాతాలో చిరునామాను ఒంగోలుకు మార్పించుకోండి.

మూడు వారాల్లో నాలుగు విచారణలు నివేదిక చివర వరుసగా కనిపిస్తాయి. అప్పు కోసం ఆత్రంగా తిరుగుతున్న మనిషిగా అవి మిమ్మల్ని చూపిస్తాయి. వాటిని తీసేయించలేరు, కొత్తవి చేరకుండా చూడగలరు. ఈ ఆరు నెలలూ కార్డుకు గానీ, ఫోను యాప్‌లలో చిటికెలో ఇస్తామనే చిన్న అప్పులకు గానీ, ఇప్పుడు కొని తర్వాత కట్టే పథకాలకు గానీ పోకండి. వాటిలో చాలావరకు అప్పులుగానే నమోదవుతాయి. ‘మీకు ముందుగానే ఆమోదించాం’ అని ఫోనులో చెప్పినా, చివరకు పాన్ నంబరు అడిగారంటే అక్కడితో మాట ముగించండి.

కార్డు చరిత్ర మొదలుపెట్టాలనే ఉంటే, ఆరు నెలలు ఆగనవసరం లేని దారి ఒకటి ఉంది. జీతం పడే బ్యాంకులోనే వీలైనంత ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, దాని మీద కార్డు ఇస్తారా అని అడగండి. చాలా బ్యాంకులు ఇస్తాయి. డిపాజిట్‌లో సాధారణంగా 75 నుంచి 90 శాతం దాకా పరిమితి ఉంటుంది, డిపాజిట్‌కు వడ్డీ వస్తూనే ఉంటుంది, ఆదాయం రుజువు కూడా పెద్దగా అడగరు. 20 వేల డిపాజిట్ మీద 16 వేల పరిమితి వచ్చిందనుకుంటే, నెలకు నాలుగైదు వేలు మించకుండా సరుకులకు, పెట్రోలుకు వాడి, బిల్లు వచ్చాక గడువుకు ముందే పూర్తిగా కట్టండి. ఆ గళ్లలో వరుసగా 000 పడుతూ ఉంటే ఏడో నెలలో మీరు చేసే దరఖాస్తుకు అదే సాక్ష్యం.

‘పూర్తిగా’ అన్న మాట నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే బిల్లులో కనీస మొత్తం అని ఇంకొక అంకె కూడా ఉంటుంది. మన ఊళ్లో ఎవరైనా నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకున్నారంటే పాపం అంటాం. కార్డు మీద నిలవ ఉంచిన బాకీకి చాలా బ్యాంకులు వేసే వడ్డీ నూటికి నెలకు మూడున్నర రూపాయల దాకా, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ ఉంటుంది. 40 వేల ల్యాప్‌టాప్ కొని ఒక నెల 2,000 మాత్రమే కట్టారనుకోండి. మూడున్నర రూపాయల లెక్కన వడ్డీ 1,400, దాని మీద 18 శాతం జీఎస్టీ 252, మొత్తం 1,652 పోగా అసలు తగ్గేది 348 రూపాయలు. కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ. ఇది తెలిసి వాడేవారికి కార్డు మంచి పనిముట్టే.

చెల్లెలి ల్యాప్‌టాప్ కోసం మాత్రం కార్డు దాకా ఆగవద్దు. బ్యాంకులు పాటించే నమూనా విద్యారుణ పథకంలో ఫీజులతో పాటు, చదువు పూర్తి చేయడానికి అవసరమైతే కంప్యూటరు ఖర్చు కూడా కలపవచ్చు. 4 లక్షల దాకా ఆ పథకంలో మార్జిన్ సొమ్ము, అంటే మన చేతి నుంచి పెట్టుకోవలసిన వాటా, అడగరు. తల్లిదండ్రుల్లో ఒకరు సహ రుణగ్రహీతగా ఉండాలి కాబట్టి మీ నాన్నగారి నివేదిక కూడా ఒకసారి తెప్పించి చూడండి. కాలేజీ నుంచి కంప్యూటరు అవసరమన్న ధ్రువపత్రం, దుకాణం నుంచి ధర కొటేషను తీసుకుని మీ పల్లెకు సేవలందించే శాఖలో అడగండి. ఆ రుణం వడ్డీ కార్డు వడ్డీలో సగం కూడా ఉండదు, చదువు ముగిసేదాకా వాయిదాలు మొదలుకావు.

ఈ వారంలో సెలవు దొరికిన రోజున నాలుగు నివేదికలూ తెప్పించి, అచ్చు వేయించి, ఒక ఎర్ర పెన్ను పట్టుకుని చదవండి. 000 కాని ప్రతి గడి చుట్టూ గీత గీయండి. మీది కాని చిరునామా, మీకు తెలియని ఖాతా, మూసివేసినట్లు చూపని ఫోను అప్పు కనిపిస్తే వాటి పక్కన తేదీలు రాసుకోండి. బంగారం అప్పు శాఖకు వెళ్లి ఈ సంవత్సరం గడువు తేదీ కనుక్కుని గోడ మీది క్యాలెండరులో ఇంట్లో అందరికీ కనబడేలా గుర్తుపెట్టండి. ఏదైనా అంకె అర్థం కాకపోతే ఆ పేజీ నకలు నాకు పంపించండి. పంపే ముందు పాన్ నంబరు, ఖాతా నంబర్లు నల్లసిరాతో పూర్తిగా కొట్టేయడం మాత్రం మరిచిపోకండి.